దూలపల్లి షెడ్డులో ఫ్రెంచి విమానం

ఆ విమానం పేరు ఇప్పటికీ నాకు సరిగ్గా పలకడం రాదు. ఫ్రెంచివాళ్లు అక్షరాలన్నీ శుభ్రంగా రాస్తారు, చదివేటప్పుడు సగం మింగేస్తారు. మా షెడ్డులో అందరూ దాన్ని ‘ఫ్రెంచి మిడత’ అనేవాళ్లు, అదే నయం. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఫ్రాన్సులో ఒక చిన్న కంపెనీ, సరదాకి ఎగిరేవాళ్ల కోసం చేసిన రెండు సీట్ల తేలికపాటి విమానం అది. కాసిని చేశారు, కంపెనీ మూతపడింది, లోకం మర్చిపోయింది. లోకం హాయిగా మర్చిపోయినదాన్ని పట్టుకుని ఏడాది పైగా వేళ్లాడే రాత నాకు పట్టింది.

మాది కాకినాడ వైపు. ఉద్యోగమంతా హైదరాబాదులో, విమాన భాగాలు తయారుచేసే ఒక సంస్థలో, డ్రాయింగుల విభాగంలో గడిచింది. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే మా ఆయన టీవీ మోతకి పిచ్చెక్కేలా ఉందని, మా కాలనీకి దగ్గరలో దూలపల్లిలో ఉన్న ఒక షెడ్డులో చేరాను. పార్కులకీ మ్యూజియాలకీ పెద్ద పెద్ద నమూనాలు చేసే చోటు. ఒక మూల డైనోసార్, ఇంకో మూల రాకెట్టు, మధ్యలో ఎవరో నాయకుడి కాళ్లు. చేయబోయే వస్తువు అసలు ఎలా ఉండేదో వెతికి చెప్పడం నా పని. ఇలాంటి పనిలోకి రావాలని ఉందంటూ ఈ మధ్య కొందరు పిల్లలు నన్ను అడుగుతున్నారు. రండి, ఎవరు వద్దన్నారు. కానీ ముందు ఇది చదవండి.

షామీర్‌పేటలో ఒక పటేలు ఉన్నాడు. తాతల నాటి భూములు, ఇప్పుడు వెంచర్లు, మేడ్చల్‌లో పార్టీ మీటింగులు, కొత్తగా చెరువుకి ఇవతల పెద్ద ఫంక్షన్ హాలు. ఆ హాలు కోసం పాత కొట్టాలు పడగొడుతుంటే ఒకదాంట్లో గడ్డి కింద ఈ విమానం బయటపడింది. విమానం అంటే మీరు వేరేగా ఊహించుకుంటారేమో. చెక్క చట్రం, విరిగిన రెక్క, తుప్పు, పావురాల రెట్ట. ఇంజను లేదు, దాన్ని ఎప్పుడో తుక్కువాడికి వేసేశారు. పటేలు తాతగారు పట్నంలో ఎవరో నవాబుగారి దగ్గర కొన్నారట. దాన్ని బాగుచేసి హాలు గేటు దగ్గర నిలబెడితే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఎక్కి ఫోటోలు దిగుతారని పటేలు ఆలోచన. దాని ఒళ్లంతా బంగారు రంగు వేసి, రెక్కల చుట్టూ సీరియల్ లైట్లు పెట్టాలి. మా ఓనరు అన్నింటికీ తలూపి ఆ శిథిలాన్ని లారీలో షెడ్డుకి తెచ్చి, ‘ఇది ఏ విమానమో కనుక్కోండి మేడం, వారంలో’ అన్నాడు. వారమట.

దాని మీద పేరు పలక లేదు. ఉన్నదల్లా అక్కడక్కడా ఇత్తడి ముక్కల మీద నాలుగు ఫ్రెంచి మాటలు. ఇంటర్నెట్‌లో అన్నీ ఉంటాయని మీరు అనుకుంటారు. ఉంటాయి, ఒకదానికొకటి పడకుండా ఉంటాయి. ఆ కంపెనీ ఒకే నంబరుకి చివర అక్షరం మార్చి రకరకాల విమానాలు చేసింది. ఒకడు పెట్టిన ఫోటో కింద ఇంకొకడు వేరే పేరు రాస్తాడు, దాన్ని పదిమంది ఎత్తి రాస్తారు. నేను ఇది అదే అని తేల్చుకుని, తెల్లారి లేచి, కాదని తేల్చుకుని అలా ఎన్నిసార్లు అయ్యిందో. ఓనరు మాత్రం రోజూ పొద్దున్నే ‘తేలిందా మేడం?’ అని నవ్వుతూ అడిగేవాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండిపోయేది.

ఆఖరికి ఈ విమానాల గురించి తెలిసిన ఒక ఫ్రెంచి పెద్దమనిషి ఈమెయిల్ దొరికింది. బడిపంతులు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. సాయం చేశాడు, కాదనను. కానీ ఆయన సాయం తీసుకోవడం కన్నా పరీక్ష రాయడం సులువు. నేను ఒక ప్రశ్న అడిగితే తిరిగి ఇరవై అడిగేవాడు. తోక దగ్గర చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరం మిల్లీమీటర్లలో కావాలి అనేవాడు. మా ఫిట్టరుకి మిల్లీమీటర్లంటే చిరాకు. మన షెడ్లలో అంగుళంలో ఎనిమిదో వంతుని సూతు అంటారు. అతను ‘రొండంగులాల మూడు సూతులు, జర లూజు’ అని చెప్పేవాడు. ఆ ‘జర లూజు’ని మిల్లీమీటర్లలోకి ఎలా మార్చాలో నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. ఏదో ఒకటి వేసి పంపితే, పారిస్ పక్కనుంచి ‘మేడమ్, మీరు జాగ్రత్తగా కొలవలేదు’ అని చీవాట్లు వచ్చేవి.

పాత ఫోటో ఏదైనా ఉంటే పని తేలికవుతుందన్నాడాయన. పటేలుని అడిగితే, మేడ్చల్‌లో మా మేనత్త దగ్గర ఉందేమో చూడండి అన్నాడు. అలా ఆవిడ దగ్గరికి వెళ్లాను.

ఎనభై దాటిన మనిషి. బక్కపలచన, గొంతు మాత్రం ఖంగుమంటుంది. పటేలు తాతగారి తమ్ముడి కూతురు. ఆ తమ్ముడే ఈ విమానం నడిపినవాడు, అందులోనే చచ్చిపోయినవాడు. ఈ సంగతి పటేలు నాకు చెప్పనే లేదు. ఆవిడ బీరువాలోంచి ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టింది. సన్నటి మీసాల కుర్రవాడు, రెక్క మీద చెయ్యి వేసుకుని నవ్వుతున్నాడు. నేను ఆ కుర్రవాణ్ణి చూడలేదు, వెనక తోక కనిపిస్తోందా లేదా అని చూశాను. తోక పూర్తిగా కనిపిస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ టీ ఇచ్చి, అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న పట్నంలో ఇంగ్లీషువాళ్ల శిక్షణ విమానాల మీద నడపడం నేర్చుకున్నాడు. ఈ ఫ్రెంచిది వచ్చిన కొత్తలోనే, ఊరంతా చెరువు కట్ట మీద నిలబడి చూస్తుండగా ఎగిరాడు. బాగానే తిరిగాడు. దిగడానికి నీళ్ల మీదుగా వస్తూ వస్తూ కిందికి జారి చెరువులో పడ్డాడు. శిథిలాన్ని తీసి కొట్టంలో వేశారు. అప్పటికి ఈవిడ పురిటి బిడ్డ, ఇరవై ఒకటో రోజు వేడుక కూడా చెయ్యలేదు. పెళ్లయిన చాన్నాళ్లకి పుట్టిన సంతానం, అదీ ఆడపిల్ల. ఆడపిల్ల పుట్టిందనే మనసు విరిగి, కావాలనే ఇంజను ఆపుకుని పడ్డాడని ఊరు తేల్చేసింది. నాయనమ్మ బతికినన్నాళ్లూ ఈవిణ్ణి ఒళ్లోకి తీసుకోలేదు. పుట్టగానే తండ్రిని మింగిన పిల్ల అని పెళ్లిలో కూడా ఎవరో అన్నారట. ఇవన్నీ ఆవిడ కళ్లు తుడుచుకోకుండా, బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత ఒక్కటే అడిగింది.

“కట్ట మీదున్నోళ్లందరు ఇన్నరట. నీళ్ల మీదికి రాంగనే మోటరు సప్పుడు బందయిందట. మోటరు దానంతటది బందయితదా, మనిషి బంద్ జేస్తే అయితదా? గదొక్కటి చెప్పు బిడ్డా, సాలు.”

నాకు తెలియదన్నాను. కనుక్కుంటానన్నాను. ఎందుకన్నానో, నా నోటికి తాళం ఉండదు. బస్సెక్కాక నన్ను నేనే తిట్టుకున్నాను. విమానం పేరే ఇన్ని నెలలుగా తేలలేదు, ఎనభై ఏళ్ల నాడు గాలిలో ఒక మనిషి ఏం చేశాడో నేనెలా కనుక్కుంటాను?

ఆ ఫోటో చూసి ఫ్రెంచాయన ఒక్క రోజులో తేల్చేశాడు. విమానం పేరు, చివరి అక్షరంతో సహా. మా ఓనరు స్వీట్లు పంచాడు. నేను మాత్రం ఫ్రెంచాయనకి ఆవిడ ప్రశ్న రాశాను. జవాబు పొడుగ్గా వచ్చింది. పెట్రోలులో నీళ్లు చేరి ఉండొచ్చు, గొట్టంలో నలక అడ్డుపడి ఉండొచ్చు, ఇలా ఒక పేజీ. చివర, ఆవిడ తండ్రి నడపడం ఏ విమానం మీద నేర్చుకున్నాడు అని అడిగాడు. ఇంగ్లీషుదాని మీద అని రాశాను. ఈసారి జవాబు పొట్టిగా ఉంది. ‘అయితే, మేడమ్, ఇంజను మీట చూడండి.’ దానితోపాటు ఆ విమానం నడిపే పుస్తకంలోంచి ఒక పేజీ పంపాడు.

సంగతి ఇదీ. ఇంజను జోరు పెంచడానికీ తగ్గించడానికీ సీటు పక్కన ఒక మీట ఉంటుంది. మన షెడ్డువాళ్ల భాషలో రేజ్ హ్యాండిల్. ఇంగ్లీషు విమానాల్లో దాన్ని ముందుకి తోస్తే జోరు పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. ఆ రోజుల్లో చాలా ఫ్రెంచి విమానాల్లో దీనికి సరిగ్గా తిరకాసు. తన వైపు లాగితే పెరుగుతుంది, తోస్తే తగ్గిపోతుంది. తాపీగా ఉన్నప్పుడు ఈ తేడా మనిషికి గుర్తుంటుంది. నీళ్లు మీదికి వచ్చేస్తుంటే చెయ్యి మెదడుని అడగదు, అలవాటైన వైపుకే పోతుంది. పైకి లేవాలని అతను ముందుకి తోసి ఉంటే, ఇంజను చప్పుడు తగ్గిపోయి విమానం రాయిలా పడుతుంది. కట్ట మీదవాళ్లు విన్నది అదే కావచ్చు.

నేను చదువుతూ చదువుతూనే కుర్చీలోంచి లేచాను. పరుగున పోయి చట్రంలో మీట చూశాను. మీట కింద ఒక ఇత్తడి పలక ఉంటుంది, ఒక కొస సన్నగా, ఇంకో కొస వెడల్పుగా. వెడల్పు వైపు జోరు ఎక్కువ అని దాని అర్థం; ఇంజనే లేదు కాబట్టి ఇప్పుడు ఆ సంగతి చెప్పేది ఆ పలకొక్కటే. ఆ వెడల్పు కొస ముందుకి ఉంది. అచ్చం ఇంగ్లీషుదానిలా. ముందుకి తోస్తే జోరు పెరిగే విమానమే ఇది.

అక్కడే నీరుగారిపోయాను. అంటే అతను సరిగ్గా నేర్చుకున్నట్టే నడిపాడు, నీళ్లకీ నలకకీ రుజువు లేదు, చప్పుడు ఆగిందంటే లాగి ఆపినట్టే. ఊరన్నదే నిజమని నేను మేడ్చల్ వెళ్లి ఆవిడకి చెప్పాలి. సరే, ముందు ఫ్రెంచాయనకి రాశాను. ఆయనకి కోపమొచ్చింది. అలా ఉండడానికి వీల్లేదు, ఉంటే అది ఆ విమానమే కాదు అన్నాడు. ఫోటో చూసి చెప్పింది నువ్వే కదయ్యా అని నేను. మళ్లీ కొలతలు, మళ్లీ సూతులు, మళ్లీ చీవాట్లు. ఈలోగా ఓనరు విమానం పేరు వేయించడానికి మేడ్చల్‌లో ఫ్లెక్సీ షాపుకి చెప్పేశాడు. ఆగండి, పేరు తప్పేమో అంటే, ‘పెండ్లికొచ్చేటోళ్లకు ఏం తెలుస్తది మేడం’ అన్నాడు. ఆ రోజు నేను టిఫిన్ డబ్బా కూడా తెరవకుండా ఇంటికి వెళ్లిపోయాను. మా ఆయన ఏమైందని అడిగితే ఆయన మీద అరిచాను.

మేడ్చల్ నుంచి ఆవిడ ఫోన్ చేసింది. తొందర పెట్టలేదు. ‘తెల్వకపోతే తెల్వలేదని చెప్పు బిడ్డా, ఏం గాదు’ అంది. తెలిసినా చెప్పలేకపోవడం నా బాధ అని ఆవిడకి ఎలా చెప్పను?

ఇంకోసారి పలక కొలవమని ఫ్రెంచాయన పట్టుబట్టాడు. కొలిచి పడేసి ఆయనకో నమస్కారం పెడదామనుకుని ఫిట్టరుని పిలిచాను. గాజులరామారం నుంచి వచ్చే మనిషి, చేతిపనిలో దిట్ట, నోట్లోంచి మాట రాదు. టేపు పట్టుకుని వంగి, నేను దేని కోసం ఇంత గింజుకుంటున్నానో అప్పుడు అడిగాడు. ఆర్నెల్లుగా పక్కనే ఉన్న మనిషి మొదటిసారి అడిగాడు. పలక వెడల్పు కొస వెనక్కి ఉండాలి, ముందుకి ఉంది, అదీ నా ఏడుపు అన్నాను. అతను తాపీగా టేపు చుట్టుకున్నాడు.

“గది ఉల్టానే ఉండె మేడం. దసరకు కడిగినప్పుడు జూసిన. రేజ్ అంటె ముందుకే గద, ఎవడో తెల్వనోడు బిగించినట్టున్నడు. పూజల వెట్టేటిది ఉల్టా ఎందుకని నేనే సీదా జేసిన.”

పక్కనున్న రంగు డబ్బా మీద కూర్చుండిపోయాను. దసరాకి మా షెడ్డులో ఆయుధ పూజ ఘనంగా చేస్తారు. ముందు రోజే ప్రతి పనిముట్టూ, ప్రతి మిషనూ విప్పి, కిరోసిన్‌తో కడిగి, రంగేసి, పసుపు కుంకుమ పెడతారు. పూజయ్యేదాకా దేన్నీ ముట్టుకోరు. విమానం మా షెడ్డుకి అప్పుడే వచ్చింది. అదీ మిషనే కదా, దాన్నీ పూజలో పెట్టారు. నేను ఆ రెండ్రోజులూ సెలవు. తిరిగొచ్చేసరికి చట్రం ఎర్ర ఎనామిల్ పూసుకుని, బొట్లు పెట్టుకుని, మెడలో బంతిపూల దండతో నవ్వుతూ ఉంది. ఆ రంగు చూసి అప్పుడు గొడవ చేశాను కానీ, రంగు కింద ఏం తిప్పేశారో అడగాలని తట్టలేదు. అంత భక్తిగా పనిచేసిన మనిషిని తిట్టడానికి నోరు రాదు, మింగుదామంటే గొంతు దిగదు. ఇంకా ఏమేం సీదా చేశావు నాయనా అని అడిగాను. సంతోషంగా ఇంకో రెండు చెప్పాడు. తల పట్టుకున్నాను.

అయినా మాట చాలదు. ఫ్రెంచాయన ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. పలక ఊడదీయించాను. కింద చెక్క మీద ఎనామిల్ గీకించాను. రంగు కింద, ఫిట్టరు లప్పం పెట్టి మూసిన పాత రివెట్ల చిల్లులు బయటపడ్డాయి. చుట్టూ చెక్క నల్లబడి ఉంది. ఏళ్ల తరబడి పలక కప్పి ఉంచిన మేర మాత్రం తెల్లగా, పలక ఆకారంలోనే మిగిలి ఉంది. ఆ తెల్లటి మచ్చ వెడల్పు కొస సీటు వైపుకి ఉంది. లాగితే పెరుగుతుంది, తోస్తే తగ్గుతుంది.

ఫిట్టరు మచ్చని చూశాడు, నన్ను చూశాడు. అప్పుడు అతనికి మొత్తం కథ చెప్పాను, మేడ్చల్ ఆవిడతో సహా. అతను పలకని వెనక్కి తిప్పి, పాత చిల్లుల్లోనే బిగించాడు.

ఫోటోలు పంపితే ఫ్రెంచాయన ‘నేను చెప్పాను’ అని రాశాడు. దాని కింద ఇంకో వాక్యం: ఇది మీట ఎలా ఉండేదో చెబుతుంది, చెయ్యి ఏం చేసిందో చెప్పదు. న్యాయమైన మాట. ఈ పనిలోకి వచ్చే పిల్లలు దాన్ని గుర్తుపెట్టుకోవాలి. పూజకి ముందు మీ వస్తువు గదికి తాళం వేసుకోవాలని కూడా గుర్తుపెట్టుకోండి.

ఆవిణ్ణి షెడ్డుకి పిలిచాను. ఆ రోజే బంగారు రంగుల్లో ఏది మెరుస్తుందో చూసుకోవడానికి పటేలు కూడా వస్తూ, అత్తని తన కారులోనే తీసుకొచ్చాడు. ఆయనకి ముందే విషయం చెప్పి, గేటు దగ్గర బోర్డు మీద రెండు వాక్యాలు రాయిద్దామన్నాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“పెండ్లిళ్లయ్యే జాగ మేడం. గాడ సావు ముచ్చట వెడితే ఎవలొస్తరు? మా తాత తెచ్చిన ఇమానం అని రాయుండ్రి, సాలు.”

అంతే. ఏడాది నా పనికి దక్కిన గౌరవం అది. ఆయనతో వాదించే ఓపిక కూడా లేక, నేను ఆవిడ దగ్గరికి పోయాను.

ఆవిడ అప్పటికే చట్రం పక్కన నిలబడి ఉంది. లోపల కూర్చుంటానంది. వద్దమ్మా, పడతారు అంటే వినదే. నేనూ ఫిట్టరూ చెరో జబ్బ పట్టుకుని ఎక్కించి సీట్లో కూర్చోబెట్టాం. మీట చూపించాను. ఇంగ్లీషుది ఎలా ఉంటుంది, ఇది ఎలా ఉంటుంది, నీళ్లు మీదికి వస్తుంటే చెయ్యి ఎటు పోతుంది, అన్నీ చెప్పాను. ఇలా జరిగి ఉండొచ్చమ్మా, ఇదే జరిగిందని నేను చెప్పలేను అని కూడా అన్నాను. ఆ చివరి మాట ఆవిడ వినిపించుకోలేదు. నేనూ రెండోసారి అనలేదు.

ఆవిడ మీట మీద చెయ్యి వేసి, కింద పలకని వేలితో తడిమింది. ఆపైన, అటుపక్క ఫోనులో మాట్లాడుతున్న పటేలుని పిలిచింది. ఫోను జేబులో పెట్టుకుని రమ్మంది. ఆ గొంతు విని ఆయన నిజంగానే పెట్టేసుకున్నాడు. మీట మీద చెయ్యి వెయ్యమంది, వేశాడు.

“కింద చెరువున్నది. దిగవడ్తున్నవ్. మీదికి లేవాలె. జల్దీ, ఏం జేస్తవ్?”

పటేలు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు. మీటని ముందుకి తోశాడు.

“మా నాయిన గూడ గంతే జేసిండు,” అంది ఆవిడ. “బత్కాలనే నూకిండు. నేను పుట్టిన్నని గాదు.”

పటేలు చెయ్యి తియ్యలేదు. రంగు అట్టలు పట్టుకొచ్చిన మా ఓనరు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆవిడ మేనల్లుడి చేతి మీద తన చెయ్యి వేసి, ఆ మీటని మెల్లగా తన వైపుకి లాగింది.

“ఇట్ల గుంజితే ఇంటికొస్తుండె.”